ఎవరు గెలుతురు?

మొన్నటి వేసవిలో నొకనాటి మధ్యాహ్నము మేము భోజనము ముగించుకొని, వసారాలో పడకకుర్చీపై మేను వాల్చి, చేతనున్న పత్రికను ముఖముపై గప్పుకొని కునుకు తీయబోవుచుంటిమి. ఇంతలో లోపలిగదినుండి కలహధ్వని వినవచ్చెను. మొదట మెల్లగాను, పిమ్మట తారస్థాయిలోను. "కొండను పిండిచేయగలడు" అని యొక గొంతు. "కొండ యేమి, గ్రహమునే పిండిచేయగలడు" అని వేఱొక గొంతు. "నీవాడు సూర్యుడు లేనిదే కదలలేడు." "నీవాడు అన్నము లేనిదే కదలలేడు." ఏమి యుపద్రవమో యని మేము లేచి కూర్చుండునంతలో మా కుమారుని కూతురును, మా కుమార్తె కొడుకును వచ్చి యెదుట నిలిచి, "తాతయ్యా, నీవే తీర్పు చెప్పవలెను" అనిరి.

మేము ముప్పదియైదేండ్లు తెలుగు పంతులుగా బ్రదికినవారము. బడిలో పెన్సిలు దొంగతనములు మొదలుకొని బెంచీమీది సరిహద్దు తగవులవఱకు లెక్కలేనన్ని వ్యాజ్యములు తీర్చితిమి. కాని సూపర్‌మానునకును గోకునకును యుద్ధము జరిగినచో నెవరు గెలుతురన్న తగవు మా యెదుటికి వచ్చుట యిదియే మొదలు. (పిల్లలు పలికిన పలుకుబడి యిది కాదని చదువరులు గ్రహింతురు గాక. వారి మాటలను మా చేతికి అలవాటైన భాషలో వ్రాసికొనుచున్నాము. అందు వారి వేగము కొంత పోయినది.)

మేము నవ్వి, "పిచ్చిపిల్లలారా! ఇద్దఱును లేనివారే. కుందేటికొమ్ము పొడవా, ఆకాశపుష్పము వెడల్పా యని కొలుచునట్లున్నది మీ వాదము. పోయి నిద్రపొండు" అంటిమి. ఆ తీర్పు మాకు మిక్కిలి గంభీరముగ దోచెను. మనుమరాలు మాత్రము కదలలేదు. "లేనివారే, తాతయ్యా. కాని వారినిగూర్చి వ్రాసినది యున్నది గదా. వ్రాసినదానిలో నేమున్నదో చూచి చెప్పుమనుచున్నాము" అనెను. పదుమూడేండ్ల పిల్ల! మా తర్కమంతయు నోటనే యుండిపోయెను. పత్రికను మడిచి ప్రక్కన బెట్టితిమి.

మా యీడు చదువరులకొఱకు ఆ వీరులిద్దఱి సంగతి కొంత చెప్పవలసియున్నది. సూపర్‌మాను అమెరికాదేశపు బొమ్మలకథలలో 1938వ సంవత్సరమున బుట్టెను. జెర్రీ సీగెల్ కథ వ్రాయగా జో షూస్టర్ బొమ్మలు గీసెను. నశింపనున్న గ్రహమునుండి తల్లిదండ్రులు నౌకలో నిడి పంపగా భూమిపై బడి పెరిగిన శిశువు కథ యది. గోకు జపానుదేశపువాడు. అకిరా తోరియామా 1984 మొదలు 1995 వఱకు నొక వారపత్రికలో గీసిన 'డ్రాగన్ బాల్' అను కథకు నాయకుడు. చీనాదేశపు 'పడమటి యాత్ర' యను ప్రాచీనకథలోని వానరవీరుని పేరే జపాను ఉచ్చారణలో నితనికి వచ్చినది. చిన్ననాడు తోకయు నుండెను. చిత్రమేమన, ఇతడును శిశుదశలోనే పరగ్రహమునుండి పంపబడినవాడే, ఆ గ్రహమును నశించినదే. జన్మవృత్తాంతము లింత దగ్గఱగా నున్నను బలము వచ్చు త్రోవలు వేఱు. సూపర్‌మానునకు మన సూర్యుని కిరణములే బలము. గోకునకు అభ్యాసము బలము, దానికంటె మిన్నగా ఓటమి బలము. చావుదప్పి కోలుకొన్నప్పుడెల్ల మునుపటికంటె బలవంతుడై లేచుట యాతని జాతిలక్షణమట.

మనుమడు సూపర్‌మాను పక్షము. అతడు గ్రహములను నెట్టినాడనియు, అది తానే చూచితిననియు మొదలుపెట్టెను. మనుమరాలు వెంటనే "ఏ సూపర్‌మాను?" అని యడిగెను. ఈ ప్రశ్నకు మేము నివ్వెఱపోయితిమి. సూపర్‌మానులు పలువురా? పలువురే! 1938 నాటి మొదటి సంచికలోని సూపర్‌మాను ఎగురలేడు. ఇరువది యంతస్తుల మేడను దుముకగలడు, మైలులో నెనిమిదవవంతు దూరము గంతువేయగలడు. ఫిరంగిగుండు ప్రేలిననే గాని యతని చర్మము తెగదు. అంతే. పిదప వచ్చిన రచయితలు తలకొక పిడికెడు చొప్పున బలము పోసి పోసి, అతడు ఆకాశమున నెగురునట్లును, గ్రహములను కదలించునట్లును చేసిరి. ఇంత బలవంతునికి తగిన శత్రువు దొరకుట కష్టమైపోయినదేమో, 1986లో జాన్ బర్న్ అను రచయిత కథను మొదటినుండి తిరిగి వ్రాసి ఆ బలమును కొంత దించెను. ఎనుబదేండ్లకు మించి పలువురు పెంచిన బిడ్డడు. ఏ యేటి బిడ్డడో చెప్పక తూకము వేయుట యెట్లు?

ఆ పిల్ల పెట్టిన నియమములు వినదగినవి. ఏ మాటకైనను సంచిక చూపవలెను. "అందఱు ననుచున్నారు" అన్నది సాక్ష్యము కాదు. ఒక పాత్ర తన్నుగూర్చి తాను చెప్పుకొన్న గొప్పలు సాక్ష్యము కాదు, చేసిన పనియే సాక్ష్యము. (ఈ నియమమును మన సభలలో నమలుచేసినచో నెందఱు వక్తలు మిగులుదురో!) ఇక రణరంగమెక్కడ? ఎఱ్ఱని సూర్యునిక్రింద సూపర్‌మాను మనబోటివాడే యగును గావున, స్థలము నిర్ణయింపక యుద్ధము లేదు. దీనిపై నొక గంట గడచెను. పిమ్మట మఱియొక చిక్కు. సూపర్‌మానునకు మంత్రశక్తియెదుట రక్షణ లేదు. గోకు అఱచేతులనుండి వెడలు తేజస్సు మంత్రశక్తియా, దేహశక్తియా? మనుమడు దేహశక్తియే యనెను, ఏలయన అట్లయిననే తనవాడు బ్రదుకును. మనుమరాలు మంత్రమని వాదించినచో నామె పక్షమే గెలిచెడిది. కాని యామె కొంతసేపాలోచించి, "కాదు, కథలో దానిని సాధనచేత సంపాదించినట్లే చూపినారు. మంత్రము కాదు" అని తనకు నష్టము కలుగు మాటను తానే చెప్పెను. అప్పుడు మేము కుర్చీలో కొంచెము ముందుకు జరిగితిమి. నిద్ర యెప్పుడో పోయినది.

ఇట్టి యుద్ధములను నిజముగనే అచ్చువేసిన సందర్భములు కలవని మనుమడు చెప్పెను. పోటీపడు రెండు ప్రచురణసంస్థలు కలిసి 1976లో సూపర్‌మానును, స్పైడర్‌మానును ఒకే పుస్తకమున దించినవి. వారు కొంతసేపు కొట్టుకొని, పిదప దుష్టులపై నేకమైరి. 1978లో సూపర్‌మానునకు ముష్టియుద్ధవీరుడైన మహమ్మద్ ఆలీతోనే పోరు పెట్టిరి. శక్తులు తీసివేసి సమానులను జేసి దింపగా ఆలీ గెలిచెను. 1996లో ఆ రెండు సంస్థలవారే తమ వీరుల నెదురెదురుగ నిలిపి, పదునొకండు పోరాటములలో నైదింటి ఫలితమును పాఠకుల ఓట్లకు వదలిరి. సూపర్‌మాను హల్కును గెలిచినది ఆ ఓట్లవలననే. హల్కు కోపముకొలది బలము పెరుగు పచ్చని రాక్షసాకారుడు, 1962లో స్టాన్ లీ, జాక్ కిర్బీల చేత బుట్టినవాడు. "ఓట్లు చెప్పునది ఎవడు ప్రియుడో కాని ఎవడు బలవంతుడో కాదు" అని మనుమరాలనెను. ఈ మాటను మేము మఱియొక సందర్భమున వాడుకొనదలచి జ్ఞాపకముంచుకొంటిమి.

ఆ స్టాన్ లీయే, తన వీరులలో నెవరు గెలుతురని యెవరడిగినను, వ్రాయువా డెవరిని గెలిపింపదలచునో వారే గెలుతురని చెప్పెడివాడట. కథలు పుట్టించినవాని మాట. కాదనుట కష్టము. అంతటితో వాదము ముగిసినట్లే తోచును. కాని మాకట్లు తోపలేదు. చిన్ననాడు మా ప్రాంతమున నొక యూరి కుంచము వేఱొక యూరి కుంచమునకు సరిపోయెడిది కాదు. అందుచేత ధాన్యము కొలువరాదని యెవరును ఊరకుండలేదు. ఏ కుంచమో ముందడిగి, పిమ్మట కొలిచెడివారు. ఈ పిల్లలును ఆ పనియే చేయుచున్నారు. గెలుపు రచయిత చేతిలోనిదైనను, సాక్ష్యము వాదించువాని చేతిలోనిది. అమెరికా కథకుడు పెట్టిన కొలతయు, జపాను కథకుడు పెట్టిన కొలతయు వేఱని యెఱిగి, రెంటికిని సమానమైన యొక కొలతను వెదకుట తెలివితక్కువ పని కాదు. మన పెద్దలు తమ వంశముల గొప్పలను, తమ నాయకుల గొప్పలను తూచునప్పుడు కుంచమునుగూర్చి యడుగగా మేమెన్నడును వినలేదు.

మనుమడు ఓడిపోవుచుండి యొక క్రొత్త వాదము తెచ్చెను. ఏ దేశమువారు ఆ దేశపు వీరుని గెలిపించుకొందురు గావున ఏ కథనుగాని నమ్మరాదనెను. మాకును ఉత్సాహము కలిగి, రెండువేలయేండ్లనాడు రోముచరిత్ర వ్రాసిన లివీ, అలెగ్జాండరు ఇటలీపైకి దండెత్తియుండినచో నేమగునని విచారించి రోమువారే గెలిచియుందురని తేల్చెనని చెప్పితిమి. న్యాయాధిపతి రోమువాడే గదా! మనుమడు పొంగిపోయి, "దీనికంటె మంచిది నాయొద్ద నున్నది" అనెను. 1933లో అమెరికావారు కింగ్ కాంగ్ అను మహావానరమును, 1954లో జపానువారు గాడ్జిల్లా యను సముద్రభూతమును చలనచిత్రములలో పుట్టించిరి. 1962లో జపానువారే యా రెంటికిని పోరు పెట్టిరి. అమెరికాలో చూపిన ప్రతిలో కాంగు గెలుచుననియు, జపానులో చూపిన ప్రతిలో గాడ్జిల్లా గెలుచుననియు, రెండు దేశములకు రెండు ముగింపులనియు అతని వాదము.

"చూచితివా?" అని మనుమరాలు. "విన్నాను" అని మనుమడు. ఇద్దఱును చేతిఫోనుపై వంగి వెదకిరి. అది వట్టి వదంతి. అమెరికాలో చూపిన ప్రతిలో పెక్కు మార్పులు చేసిన మాట నిజమే కాని, రెంటను కడపట జరుగునది యొక్కటియే. రెండు జంతువులును సముద్రమున బడును, కాంగు మాత్రము తేలి తన దీవివైపు ఈదిపోవును. అవతలి దేశపు ప్రతిని చూచినవారు తక్కువ యగుటచే ఆ యబద్ధము పత్రికలకెక్కి యేండ్లకొలది నిజముగ జెలామణి యయ్యెను. మనుమడు తల గోకికొని, "సరే, అది తప్పు. తీసివేసితిని. ఇంకొకటి తెత్తును" అనెను. ఒక్క యూపిరిలో ననెను. ముఖమున నే వికారమును లేదు.

ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. కారణము చెప్పుటకు 1963వ సంవత్సరమునకు పోవలెను.

కె.వి. రెడ్డిగారి 'శ్రీకృష్ణార్జున యుద్ధము' ఆ యేట వచ్చినది. గయుడను గంధర్వుడు ఆకాశమున బోవుచు నుమిసిన తాంబూలము, సూర్యునకు అర్ఘ్యమిచ్చుచున్న కృష్ణుని దోసిట బడును. కృష్ణుడు వానిని చంపుదునని ప్రతిన పట్టును. పగవాడెవడో తెలిసికొనకయే అర్జునుడు వానికి శరణమిచ్చును. ఇక బావకును మఱదికిని యుద్ధము. ఈ కథ వ్యాసభారతమున లేదు, కవిత్రయభారతమునను లేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి 'గయోపాఖ్యాన' నాటకముచేత నాంధ్రదేశమున నిల్లిల్లు నెఱిగిన కథ. కథలో లేని పోరును కల్పించి చూచుట అమెరికా పిల్లలు కనిపెట్టిన విద్య కాదు. రామునకును ఆంజనేయునకును గూడ పోరు పెట్టినవారము మనము. 1975లో బాపుగారు దానిని చిత్రముగ దీసిరి. చిత్రములో కృష్ణుడు రామారావుగారు, అర్జునుడు నాగేశ్వరరావుగారు. తుదకు శివుడు వచ్చి అడ్డుపడును, ఎవరును ఓడరు. ఆ ముగింపు భక్తులకు తృప్తి. పదునాలుగేండ్లవానికి అది తృప్తి యగునా?

ఆ వేసవిలో మా యూరి డేరాహాలునకు చిత్రము వచ్చెను. మా పెదతండ్రిగారి కుమారుడు మాకంటె రెండేండ్లు పెద్ద. అతడు రామారావుగారి భక్తుడు, మేము నాగేశ్వరరావుగారి పక్షము. శివుడు రాకున్నచో నెవరు గెలుతురని హాలునుండి ఇంటికి వచ్చు త్రోవలోనే మొదలైన వాదము మూడు దినములు సాగెను. అన్నయ్య పందెము హాలులో కొనిన పాటలపుస్తకము, మా పందెము గోళీల సంచి. మేము వాదించినది అర్జునునికొఱకు కాదని యిప్పుడు తెలియుచున్నది. తెరపై మావాడనుకొన్నవాడు ఓడరాదు, మేము ఓడరాదు. అంతే.

మూడవనాటికి మాకు తర్కము కఱవయ్యెను. మా తాతగారు మాకప్పటికే ఛందస్సు నేర్పియుండిరి. ఆ రాత్రి దీపము దగ్గఱ కూర్చుండి యొక తేటగీతి యల్లితిమి. గాండీవము చేతనున్న పార్థుని గెలుచుట తనకును తరము గాదని కృష్ణుడే చెప్పినట్లు దాని భావము. మూడవ పాదమున యతి చెడినది. తెల్లవాఱగనే ఉద్యోగపర్వములోనిదని చెప్పి చదివితిమి. అన్నయ్య కొంతసేపు మా ముఖము చూచి, "నిజముగ భారతములోనిదేనా?" అనెను. తాతగారి పుస్తకములో చూచితిమని చెప్పితిమి. అతడు మాఱుమాట లేక పాటలపుస్తకము మా చేత బెట్టెను.

తప్పు అదొక్కటియే కాదు. ఆ నెలలోనే తాతగారు మౌసలపర్వము చదువగా మేము వినియుంటిమి. కృష్ణుడు పోయిన పిదప ద్వారకాస్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచున్న అర్జునుని, కఱ్ఱలు పట్టిన దొంగలు అడ్డగించిరి. ఆ గాండీవమును ఎక్కుపెట్టుటయే కష్టమైపోయెను. దివ్యాస్త్రములు స్ఫురింపలేదు. అమ్ములు అయిపోయినవి. అర్జునుని బలము ఎవరిదో దీనికంటె స్పష్టముగ చెప్పు సాక్ష్యము భారతమంతటను లేదు. అది అన్నయ్య పక్షమునకు చెందినది. అతడు అంతవఱకు చదువలేదు, మేము చెప్పలేదు. మనుమరాలు మంత్రముగాదని యొప్పుకొన్నప్పుడు మేము కుర్చీలో ముందుకు జరిగితిమంటిమే, అందులకు హేతువిది.

పిల్లల వాదము సాయంకాలమునకు భోజనములవఱకు వాయిదా పడెను. మేము మా గ్రామముననే యున్న అన్నయ్యకు ఫోను చేసితిమి. కుశలప్రశ్నలైన పిదప, కృష్ణార్జునుల పందెమునాటి పద్యము జ్ఞాపకమున్నదా యని యడిగితిమి. ఉన్నదనుటయే కాదు, అంతయు చదివి వినిపించెను. మూడవ పాదమున ఆ చెడిన యతితో సహా. అరువదియేండ్లు దాటిన పిదప మా యబద్ధము మరల మా చెవినబడెను, అన్నయ్య గొంతుతో, భక్తితో. అది భారతములోనిది కాదనియు, మేము కట్టినదనియు చెప్పితిమి. మౌసలపర్వము సంగతియు చెప్పితిమి.

చాలసేపు అవతల పంకా చప్పుడే వినబడినది. పిమ్మట నతడు చెప్పినది మేమూహింపనిది. పందెమైన యిరువదేండ్లకు మా యూరి శ్రీరామనవమి పందిరిలో హరికథకు వచ్చిన దాసుగారియొద్ద అన్నయ్య ఆ పద్యము చదివెనట. అట్టిది భారతమున లేదని దాసుగారు నవ్విరట. "మా తమ్ముడు తెలుగు పంతులు, వాడు అబద్ధమాడడు అని పందిటిలో నందఱియెదుటను ఆయనమీదికి పోయితినిరా. ఆయన కథ సగములో నాపి లేచిపోయినాడు. మరల మా యూరికి రాలేదు." ఇంకను కొంత యూరకుండి, "దాసుగారు చెప్పినదే నిజమన్నమాట" అనెను. ఆ దాసుగారు పోయి చాలయేండ్లయినది. అన్నయ్య ఫోను పెట్టివేసెను.

రెండు దినములు మాటలేదు. మూడవనాటి యుదయమున తానే పిలిచి, నమస్కారమునకైన నెడమీయక, "ఆ పాటలపుస్తకము నాది. పంపుము. మౌసలపర్వము గూడ పంపుము, నేను చదివి చూచుకొందును. నీ మాటమీద నమ్మను" అనెను.

అటకమీది పెట్టె దింపి వెదకగా పుస్తకము దొరకినది. కాగితము ముట్టిన విఱుగునట్లున్నది, కుట్టు తుప్పుపట్టినది, నడుమ నొక యాకు లేదు. మనుమడు దానిని అట్టముక్కలనడుమ బెట్టి కట్ట కట్టుచుండగా మనుమరాలు వచ్చి, "తాతయ్యా, ఆకు పోయినదని ఉత్తరములో వ్రాసితివా?" అని యడిగెను. వ్రాయలేదు. కట్ట విప్పించి, ఉత్తరము క్రింద నొక పంక్తి చేర్చితిమి.